మత్తు వల్ల మతి తప్పినప్పుడు: గంజాయి, డ్రగ్స్, కల్తీ కల్లు తెచ్చే సైకోసిస్ గురించి ఇంట్లోవాళ్ళు అడిగే ప్రశ్నలు

ఇవి చాలావరకు సైకియాట్రీ ఓపీ గది బయట బెంచీ మీద కూర్చున్న తల్లిదండ్రులు, భార్యలు, అన్నదమ్ములు అడిగే ప్రశ్నలే. లోపల డాక్టరు పేషెంటుతో మాట్లాడుతుంటే, బయట వీళ్ళు "ఇది మత్తా, పిచ్చా? ఎప్పటికి దిగుతుంది?" అని అడుగుతుంటారు. మొదటి వారం ఎలాగోలా గట్టెక్కే కుటుంబాలు ఎక్కువే. మాటలు వినపడటం ఆగాక, మనిషి మామూలుగా అన్నం తింటున్నాక, ఆ తర్వాతి నెలల్లో చెయ్యాల్సిన పనే చాలామంది వదిలేస్తారు. అందుకే ఆ భాగం గురించి ఇక్కడ కాస్త ఎక్కువగా రాశాను.

సైకోసిస్ అంటే ఏమిటి?

ఉన్నదేదో, లేనిదేదో మనసు తేల్చుకోలేని స్థితి. ఎవరూ మాట్లాడకపోయినా మాటలు వినిపిస్తాయి. లేని మనుషులు, నీడలు, పురుగులు కనిపిస్తాయి. "నన్ను చంపడానికి ప్లాన్ చేస్తున్నారు", "నా ఆలోచనలు అందరికీ తెలిసిపోతున్నాయి" లాంటి నమ్మకం గట్టిగా కూర్చుంటుంది. ఎంత రుజువు చూపించినా కదలదు.

మెదడులో డోపమైన్ అనే రసాయనం చేసే పనుల్లో ఒకటి, "ఇది ముఖ్యం, దీన్ని పట్టించుకో" అని గుర్తు పెట్టడం. గంజాయిలో మత్తెక్కించే పదార్థమైన టీహెచ్‌సీ, మెథ్ (మెథాంఫెటమిన్) లాంటి మెదడును ఉత్తేజపరిచే డ్రగ్స్ ఆ వ్యవస్థను అతలాకుతలం చేస్తాయి. అప్పుడు ముఖ్యం కానివన్నీ ముఖ్యమైపోతాయి. వీధిలో పోయే బైకు హారన్ తనకోసమే కొట్టినట్టు, టీవీలో న్యూస్ చదివే అమ్మాయి తన గురించే చెప్తున్నట్టు అనిపిస్తుంది. అతను నటించడం లేదు. మీకు ఈ అక్షరాలు ఎంత నిజంగా కనిపిస్తున్నాయో అతనికి ఆ గొంతు అంత నిజంగా వినిపిస్తుంది.

గంజాయి తాగితే ఎవరైనా కాసేపు తిక్కగానే ఉంటారు కదా. సైకోసిస్ అని ఎలా తెలుస్తుంది?

మత్తులో ఉన్నవాడు కొన్ని గంటల్లో తేరుకుంటాడు. తేరుకున్నాక "ఎక్కువైంది, ఏదేదో అనిపించింది" అని తనే చెప్తాడు. సైకోసిస్‌లో మత్తు దిగుతుంది, భ్రమ దిగదు. కళ్ళ ఎరుపు పోయి, నడక మామూలైపోయి, రెండో రోజు పొద్దున కూడా "పక్కింటివాళ్ళు గోడలో మైకు పెట్టారు" అంటున్నాడంటే, అది ఇంకా మత్తే అనుకుని ఎదురుచూడకండి.

రెండో తేడా, అతనికి తన మాట మీద అనుమానం రాదు. "నాకే అలా అనిపిస్తోందేమో" అన్న ఆలోచన కొంచెమైనా మిగిలి ఉంటే పరిస్థితి కొంత మెరుగు. అది పూర్తిగా పోయిందంటే వెంటనే డాక్టరు చూడాలి.

ఇంట్లో మొదట ఏం కనిపిస్తుంది?

అన్నిటికంటే ముందు నిద్ర కరువవుతుంది. రెండు మూడు రాత్రులు పడుకోకుండా తిరుగుతాడు, లైటు వేసుకుని కూర్చుంటాడు, తెల్లవారుజామున మేడ మీదికి వెళ్ళి కిందికి చూస్తుంటాడు. తర్వాత అనుమానం మొదలవుతుంది. ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటిస్తాడు. వైఫై డబ్బా స్విచ్ తీసేస్తాడు. సిమ్ విరిచేస్తాడు. అమ్మ కంచం పెడితే ముందు వాసన చూస్తాడు, "నువ్వు ఒక ముద్ద తిను" అంటాడు. ఆమె తిన్నాక కూడా కంచం పక్కకి జరిపి, సీల్ ఉన్న బిస్కెట్ ప్యాకెట్టే తెరుచుకుంటాడు. "కోడి కూర చేసినా ముట్టలేదండీ" అని తల్లులు చెప్పే మాట వెనక చాలాసార్లు ఈ భయమే ఉంటుంది.

తనలో తను నవ్వుకోవడం, గాలిలో ఎవరికో జవాబు చెప్తున్నట్టు పెదాలు కదపడం, చెవుల్లో దూది పెట్టుకోవడం, స్నానం మానెయ్యడం కూడా గమనించాలి. వీటిని రోజూ ఒక కాగితం మీద తేదీ వేసి రాసుకోండి. డాక్టరుకు మీ కాగితం చాలా పనికొస్తుంది. మాటలు ముందొచ్చాయా, గంజాయి ముందొచ్చిందా అన్న ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది.

ఏయే పదార్థాల వల్ల వస్తుంది?

మన దగ్గర ఎక్కువగా చూసేది గంజాయి, దాని నుంచి తీసే హ్యాష్ ఆయిల్. నగరాల్లో ఎండీఎంఏ, మెథ్, కొకైన్, ఎల్‌ఎస్‌డీ. మెథ్ లాంటివి ఎక్కువ మోతాదులో వాడితే గంజాయి కంటే ఉద్రేకం, అనుమానం ఎక్కువగా ఉంటాయి. చర్మం కింద పురుగులు పాకుతున్నాయని గోకి గోకి పుండ్లు చేసుకునేవాళ్ళూ ఉంటారు. పిల్లల్లో వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చడం ఉంది. ఉమ్మెత్త గింజలు తిన్నవాళ్ళలో కంటిపాపలు పెద్దవై, ఒళ్ళు వేడిగా పొడిగా అయిపోయి, నోరు ఎండిపోయి, మూత్రం ఆగిపోయి, లేనివి కనిపిస్తాయి. అది విషం కిందే లెక్క, నేరుగా క్యాజువాల్టీకి వెళ్ళాలి.

మద్యం, నిద్రమాత్రల వల్ల ఇది వేరే దారిలో వస్తుంది. వాటి విషయంలో తాగుతున్నప్పటికంటే హఠాత్తుగా ఆపినప్పుడు ప్రమాదం ఎక్కువ.

ఇంకో సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి. డాక్టరు రాసిన మందులు కూడా కొందరిలో సైకోసిస్ తెస్తాయి. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు, మొండి టీబీకి ఇచ్చే సైక్లోసెరిన్ అలాంటివే. కాబట్టి ఇంట్లో ఉన్న మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళండి.

గంజాయి ఆకే కదా, సాధువులు కూడా తాగుతారు. దానివల్ల ఇంత అవుతుందా?

అందరికీ కాదు. తాగినవాళ్ళలో ఎక్కువమందికి సైకోసిస్ రాదన్నది నిజమే. ఎవరికి వస్తుందో ముందే చెప్పే పరీక్ష లేదన్నదీ అంతే నిజం. కుటుంబంలో స్కిజోఫ్రీనియా (భ్రమలు, అనుమానాలు చాలాకాలం ఉండే మానసిక జబ్బు), బైపోలార్ (అతి ఉత్సాహం, దిగులు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళకి, పదిహేను పదహారేళ్ళకే మొదలుపెట్టినవాళ్ళకి, రోజూ తాగేవాళ్ళకి, ఘాటు సరుకు వాడేవాళ్ళకి ముప్పు ఎక్కువ.

ఇది ఈ మధ్య పుట్టిన మాట కాదు. స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45 వేల మందికి పైగా యువకులను పదిహేనేళ్ళ పాటు గమనించి 1987లో ఒక అధ్యయనం వచ్చింది. 18 ఏళ్ళకే 50 సార్లకు మించి గంజాయి వాడినవాళ్ళలో స్కిజోఫ్రీనియా ముప్పు, అసలు వాడనివాళ్ళతో పోలిస్తే ఆరు రెట్లు కనిపించింది. 2019లో యూరప్ నగరాల్లో, బ్రెజిల్‌లో చేసిన మరో పెద్ద అధ్యయనంలో, ఘాటు ఎక్కువున్న గంజాయిని రోజూ వాడేవాళ్ళకి సైకోసిస్ ముప్పు దాదాపు ఐదు రెట్లు ఉందని తేలింది.

ఘాటు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. తాతల కాలంలో చిలుంలో వేసుకున్న ఆకు, ఇవాళ ఆంధ్రా ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే హ్యాష్ ఆయిల్, బ్యాంకాక్ నుంచి తెస్తూ శంషాబాద్ ఎయిర్‌పోర్టులో పట్టుబడే హైడ్రోపోనిక్ (మట్టి లేకుండా నీళ్ళలో పెంచే) గంజాయి, ఈ మూడూ ఒకటి కావు. పేరొకటే, లోపలున్న టీహెచ్‌సీ చాలా తేడా. "మా సీనియర్లు నాలుగేళ్ళు తాగారు, ఏమీ కాలేదు" అని చెప్పే కుర్రాడు, వాళ్ళు తాగినదే తను తాగుతున్నానని అనుకుంటున్నాడు.

మావాడు మందు ముట్టడు, కల్లు మాత్రమే. కల్లు దొరక్క రెండు రోజులైంది, వింతగా ప్రవర్తిస్తున్నాడు. ఎందుకు?

తెలంగాణలో ఈ ప్రశ్న వచ్చినంతగా ఇంకెక్కడా రాదు. చెట్టు నుంచి దించిన కల్లుకీ దుకాణంలో అమ్మే కల్తీ కల్లుకీ సంబంధమే లేదు. కల్తీ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు. అల్ప్రాజోలం అంటే ఆందోళన, నిద్రలేమికి డాక్టర్లు చిన్న మోతాదులో రాసే మాత్రే. రోజూ సీసాలు తాగే మనిషి తనకు తెలియకుండానే ఆ మాత్రకు బానిసవుతాడు. ఒక్కసారిగా ఆగిపోతే మెదడు తట్టుకోలేదు. నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి, మనుషుల్ని గుర్తుపట్టలేకపోతారు.

2015 సెప్టెంబర్‌లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆసుపత్రులకు ఇలాంటివాళ్ళు వందల్లో వచ్చారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి వైన్ షాపులు, కల్లు దుకాణాలు మూసేసిన వారంలోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఓపీ కిటకిటలాడింది. దుకాణం మూయడం తప్పు కాదు. తాగేవాళ్ళకి వైద్యం ఏర్పాటు చెయ్యకుండా మూయడం మాత్రం చాలా పెద్ద తప్పని నా అభిప్రాయం.

డాక్టరు "తాగుడు అలవాటు ఉందా?" అని అడిగితే చాలా ఇళ్ళల్లో "లేదండీ" అనేస్తారు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో కల్లు తాగుడు కాదు. ఆడవాళ్ళ విషయంలో అయితే అసలు నోరే విప్పరు. అడగకపోయినా చెప్పండి: రోజుకి ఎన్ని సీసాలు, ఎన్నేళ్ళుగా, ఆఖరిసారి ఎప్పుడు. ఈ మూడు తెలిస్తే డాక్టరు అదే రకం మందుతో మొదలుపెట్టి మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. ఇంట్లో ఒక్కరోజులో మాన్పించే ప్రయత్నం చెయ్యకండి.

మందు మానేసిన మూడో రోజు నుంచి గోడ మీద పాములంటున్నాడు. మానేస్తే మంచిదే కదా?

మానడం మంచిదే, ఈ పద్ధతిలో కాదు. ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి హఠాత్తుగా ఆపితే, సాధారణంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి రావచ్చు. జ్వరం, చెమటలు, గుండెదడ, వణుకు ఉంటాయి. తనెక్కడున్నాడో, ఇవాళ ఏ వారమో చెప్పలేడు. పొద్దున కాస్త నయంగా ఉండి, చీకటి పడేసరికి ఎక్కువవుతుంది. దుప్పటి మీద లేని దారాలు ఏరుతుంటాడు. ఆటో నడిపే మనిషి మంచం మీద పడుకునే హ్యాండిల్ తిప్పుతూ, "జరుగు జరుగు" అని ఎదురుగా లేని జనాన్ని తప్పిస్తుంటాడు. చూసేవాళ్ళకి నవ్వు వస్తుందేమో కానీ, వైద్యం అందకపోతే ఈ స్థితిలో ప్రాణం పోవచ్చు.

ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే నీరసమని గ్లూకోజ్ సీసా ఎక్కించడం మామూలు. తాగుడు వల్ల ఒంట్లో బీ1 విటమిన్ అడుగంటిన మనిషికి, బీ1 ఇంజెక్షన్ ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే పెద్దాసుపత్రికే తీసుకెళ్ళండి.

కొందరు తాగుబోతులకు స్పృహ, తెలివి మామూలుగానే ఉండి, తిట్టే గొంతులు మాత్రం వినిపిస్తాయి. అది వేరే జబ్బు. అంత ప్రాణాంతకం కాదు, కానీ దానికీ చికిత్స కావాలి.

రాత్రికి రాత్రే ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళాలి?

ఫిట్స్ వచ్చినా, జ్వరంతో పాటు అయోమయం ఉన్నా, చస్తానన్నా, చావమని గొంతులు చెప్తున్నాయన్నా, చేతిలో కత్తో రాడ్డో పట్టుకుని కాపలా కూర్చున్నా, రెండు రోజులుగా అన్నం నీళ్ళు ముట్టకపోయినా, గర్భిణి అయినా తెల్లవారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. సైకియాట్రిస్ట్ లేని ఆసుపత్రి అయినా పర్లేదు, ముందు క్యాజువాల్టీలో షుగర్, బీపీ, ఆక్సిజన్ చూస్తారు. తలకు దెబ్బ, మెదడు జ్వరం, షుగర్ పడిపోవడం కూడా ఇలాగే కనిపిస్తాయి. "గంజాయి కేసు" అని మీరే ముద్ర వేసి చెప్తే అవి తప్పిపోయే ప్రమాదం ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పండి, జబ్బు పేరు వాళ్ళని పెట్టనివ్వండి.

గాలి సోకిందంటున్నారు. ఎవరో చేతబడి చేశారని వాడే అంటున్నాడు. భూతవైద్యుడికి చూపించాలా?

మీ నమ్మకం మీద నాకు కోపం లేదు. గుడికో దర్గాకో వెళ్ళి మొక్కుకుంటే మీ మనసుకు ధైర్యం వస్తుందంటే వెళ్ళండి. ఆసుపత్రికి వెళ్ళొచ్చాక వెళ్ళండి. కొరడాతో కొట్టడం, మిరపకాయల పొగ పెట్టడం, గొలుసులతో కట్టి పడుకోబెట్టడం మాత్రం ఒప్పుకోకండి. చికిత్స లేకుండా గడిచే ప్రతి వారం అతని జబ్బును మొండిగా మారుస్తుంది.

దీనిలో ఇంకో అపాయం ఉంది. "ఫలానా ముసలమ్మే బాణామతి చేసింది" అని రోగి అన్నప్పుడు, అది జబ్బు మాట అని తెలియక ఇంట్లోవాళ్ళు కూడా నమ్మేస్తారు. ఆ అనుమానం ఊళ్ళో పాకితే ఒక అమాయకురాలి ప్రాణం మీదికి వస్తుంది. తెలంగాణ పల్లెల్లో అలా కొట్టిన, చంపిన సంఘటనలు మనకు తెలియనివి కావు. రోగి ఎవరి పేరైనా చెప్తే అది మీ గడప దాటనివ్వకండి. డాక్టరుకు మాత్రం తప్పక చెప్పండి.

అతనితో ఎలా మాట్లాడాలి?

వాదించొద్దు, ఔననొద్దు. "మైకు లేదు, గియికు లేదు, నోర్మూసుకో" అంటే మీరూ శత్రువుల జట్టులో కలిసిపోతారు. "ఔను, ఉంది, నేనూ విన్నాను" అంటే భ్రమకి సాక్షి దొరికినట్టు. మధ్య దారి ఒకటుంది, అతని భయాన్ని పట్టుకోవడం.

"అమ్మా, అన్నంలో ఏదో కలిపావు" అంటే, "నీకు అలా అనిపిస్తే భయంగానే ఉంటుంది నాన్నా. నేనేం కలపలేదు. నువ్వే వడ్డించుకో, ఇద్దరం ఒకే గిన్నెలోంచి తిందాం" అనొచ్చు. చిన్న మాటలు, తగ్గు స్వరం. ఒక్కరే మాట్లాడాలి. చుట్టూ పదిమంది నిలబడి తలో మాట అంటే అతని తలలో గొంతులకు మీ గొంతులు తోడవుతాయి. టీవీ ఆపెయ్యండి. గుమ్మానికి అడ్డంగా నిలబడొద్దు, బయటికి దారి కనిపిస్తుంటే మనిషి కాస్త స్థిమితపడతాడు. కత్తిపీట, పురుగుమందు డబ్బా, బండి తాళాలు ముందే తీసి దాచండి.

గతం తవ్వడానికి ఇది సమయం కాదు. "అప్పుడే చెప్పాను, ఆ వెధవలతో తిరగొద్దని" అన్న మాట మీ నోటి చివర ఉంటుంది. మింగండి.

ఆసుపత్రికి రానంటున్నాడు. బలవంతంగా తీసుకెళ్ళొచ్చా?

ముందు అతను ఒప్పుకునే కారణం వెతకండి. తనకు పిచ్చి అని ఒప్పుకోడు, కానీ నిద్ర పట్టడం లేదని ఒప్పుకుంటాడు. "నాలుగు రోజులైంది నువ్వు పడుకుని, నిద్రకి ఏమన్నా రాయించుకుందాం, నేనూ వస్తా" అన్నది అబద్ధం కాదు, చాలాసార్లు పనిచేస్తుంది. ఇంట్లో అతను ఎవరి మాట వింటాడో, మేనమామో, అక్కో, వాళ్ళని పిలవండి. "తిరుపతి వెళ్దాం పద" అని చెప్పి ఆసుపత్రిలో దింపితే ఆ ఒక్కసారికి పని జరుగుతుంది, తర్వాత మీరిచ్చే మాత్రను నమ్మడు.

ఏదీ పనిచేయకపోతే చట్టం దారి చూపిస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక జబ్బులుగానే లెక్కిస్తుంది. ప్రాణాపాయం ఉంటే, అతని ప్రతినిధి (అతని తరఫున నిలబడటానికి చట్టం గుర్తించే మనిషి) దొరికితే ఆ ప్రతినిధి అనుమతితో, ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స ఇవ్వొచ్చు. అతనికి నిర్ణయం తీసుకునే స్థితి లేనప్పుడు, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి సరేనంటే, అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. ముందుగా ఎవరినీ ప్రతినిధిగా రాసుకోకపోతే దగ్గరి బంధువుకే ఆ స్థానం వస్తుంది. రోడ్ల మీద తిరుగుతుంటే రక్షణలోకి తీసుకుని ఆసుపత్రికి చేర్చడం పోలీసుల బాధ్యత. గొలుసులతో కట్టడాన్ని ఇదే చట్టం నిషేధించింది.

ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసు అవుతుందేమో?

ఈ భయంతోనే ఎన్నో కుటుంబాలు నెలలు పోగొట్టుకుంటున్నాయి. వైద్యం కోసం వచ్చిన మనిషి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 చట్టమే చెబుతోంది. 1985 ఎన్‌డీపీఎస్ అనే మత్తుపదార్థాల నియంత్రణ చట్టం కింద గంజాయి తాగడం నేరమే. అయితే అదే చట్టంలోని 64ఏ సెక్షన్, మత్తుకు బానిసైన మనిషి వాడకం లేదా కొద్ది మొత్తం దగ్గర ఉంచుకున్న కేసులో తనంతట తానే ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్ళకి ఇది వర్తించదు. ఇప్పటికే కేసు ఉంటే లాయర్‌తో ఈ సెక్షన్ గురించి తప్పకుండా మాట్లాడండి.

అక్కడ ఏం చేస్తారు? కరెంటు షాకులు ఇస్తారా?

ముందు రక్తం, మూత్రం పరీక్షలు, అవసరమైతే తలకు స్కాన్. మూత్ర పరీక్షలో గంజాయి ఎప్పుడో ఒకసారి తాగినవాళ్ళలో కొద్ది రోజులు, రోజూ తాగేవాళ్ళలో నెల దాకా కూడా కనిపించవచ్చు. మెథ్, ఎండీఎంఏ రెండు మూడు రోజుల్లో పోతాయి. ఎల్‌ఎస్‌డీ మామూలు కిట్లకు అసలు దొరకదు. కాబట్టి "నెగెటివ్ వచ్చింది, ఏం వాడలేదు" అనీ తేల్చలేం, "పాజిటివ్ వచ్చింది, దానివల్లే" అనీ తేల్చలేం.

మందుల్లో ఒలాంజపిన్, రిస్పెరిడోన్, హలోపెరిడాల్ లాంటివి భ్రమలకు. ఉద్రేకం తగ్గడానికి, మద్యం లేదా కల్తీ కల్లు ఆపడం వల్ల వచ్చిన స్థితికి లోరాజెపామ్ రకం. ఇంజెక్షన్ తర్వాత మెడ ఒక పక్కకి లాగేసినా, కళ్ళు పైకి తేలిపోయినా కంగారు పడకుండా నర్సుకు చెప్పండి, అది మందు దుష్ప్రభావం, విరుగుడు ఉంది. ఒలాంజపిన్‌తో ఆకలి, బరువు బాగా పెరుగుతాయి. అదే కారణంతో కుర్రాళ్ళు చెప్పకుండా మాత్ర పారేస్తుంటారు. బరువు గురించి డాక్టరును మొదటే అడిగితే మందు మార్చే దారి ఉంటుంది.

షాకుల గురించి: ఈ జబ్బుకు అది మామూలుగా ఇచ్చే చికిత్స కాదు. ఎవరికైనా ఇవ్వాల్సి వచ్చినా మత్తు ఇచ్చి, కండరాలు సడలించాకే ఇవ్వాలని చట్టం.

ఎన్నాళ్ళకు తగ్గుతుంది? ఇది స్కిజోఫ్రీనియా అయిపోతుందా?

పదార్థం ఆపేసి మందులు వాడితే ఎక్కువమందిలో రోజుల నుంచి కొన్ని వారాల్లో భ్రమలు వెనక్కి తగ్గుతాయి. డాక్టర్లు సాధారణంగా ఒక నెలను గీతగా పెట్టుకుంటారు. ఏమీ వాడకుండా నెల దాటినా గొంతులు, అనుమానాలు అలాగే ఉంటే, పదార్థం వల్ల మాత్రమే అని చెప్పలేమని లోతుగా చూస్తారు.

రెండో ప్రశ్నకు దాపరికం లేకుండా చెప్పాలి. మత్తుపదార్థాల వల్ల సైకోసిస్ వచ్చినవాళ్ళలో దాదాపు నాలుగో వంతు మందికి తర్వాతి ఏళ్ళలో స్కిజోఫ్రీనియా నిర్ధారణ అయిందని, గంజాయి విషయంలో అది మూడో వంతు దాకా ఉందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ చెబుతోంది. మద్యం వల్ల వచ్చినదానిలో ఇది బాగా తక్కువ. ఇది విని గుండె జారిపోతుందని తెలుసు. అదే లెక్కలో ఎక్కువమందికి అలా కాలేదన్న మాట కూడా ఉంది. ఎవరు ఏ గట్టున ఉంటారో ఇవాళ తెలియదు కాబట్టే మొదటి రెండేళ్ళు డాక్టరు కళ్ళ ముందు ఉండాలి.

బాగైపోయాడు. మామూలుగా మాట్లాడుతున్నాడు. మాత్రలు ఆపేద్దామా?

వద్దు. పేజీ మొదట్లో చెప్పిన నెలలు ఇవే.

డిశ్చార్జ్ అయిన రోజు ఇంట్లో పండగ. పది రోజులకి మొదటి ఓపీకి వస్తారు. నెలకి "బస్సు దొరకలేదండీ" అని మెడికల్ షాపులో పాత చీటీ మీదే మాత్రలు తెచ్చుకుంటారు. ఆ తర్వాత "నిద్ర మత్తుగా ఉంటోంది, పనికి పోలేకపోతున్నాడు" అని సగం మాత్ర, తర్వాత అదీ లేదు. పాత స్నేహితులు చూడటానికి వస్తారు. ఒక్క జాయింట్ (గంజాయి చుట్ట). ఒకసారి సైకోసిస్ వచ్చిన మెదడుకి రెండోసారి అంత మోతాదు అక్కర్లేదు, మొదట్లో ఏమీ చెయ్యని కొంచెమే చాలు. రెండోసారి వచ్చినది దిగడానికి మొదటిసారి కంటే ఎక్కువ కాలం పట్టొచ్చు.

మందు ఎన్ని నెలలు అనేది డాక్టరే చెప్పాలి. కొందరికి కొద్ది నెలల్లోనే మెల్లగా తగ్గించి ఆపేస్తారు, కొందరికి ఏడాదో ఇంకా ఎక్కువో కావాలి. ఆపినా డాక్టరు చూస్తుండగా ఆపాలి. దీనితో పాటు అలవాటుకు విడిగా కౌన్సెలింగ్ కావాలి. చాలాచోట్ల జబ్బుకు ఒక డాక్టరు, అలవాటుకు ఇంకో సెంటరు, ఇద్దరికీ మధ్య మాట ఉండదు. రెండూ ఒకే చోట దొరికే మెడికల్ కాలేజీ సైకియాట్రీ విభాగం ఉంటే అదే మేలు. లేకపోతే ఒకరి చీటీ ఇంకొకరికి చూపించే బాధ్యత మీరు తీసుకోండి.

ఇంకొక మాట చాలా తక్కువమంది చెప్తారు. భ్రమలు తొలగాక అతనికి జరిగిందంతా గుర్తుకొస్తుంది. వీధిలో బట్టల్లేకుండా పరిగెత్తింది, అమ్మ మీద చెయ్యెత్తింది. ఆ సిగ్గుతో గదిలోంచి బయటికి రాడు. "మందుల మత్తేలే" అనుకుంటాం. ఆత్మహత్య ఆలోచనలు వచ్చే సమయం ఇది. నేరుగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటికొస్తుంది.

డీఅడిక్షన్ సెంటర్‌ని ఎలా ఎంచుకోవాలి?

రాత్రి వ్యాన్‌లో వచ్చి మనిషిని ఎత్తుకుపోతామనే చోట, మూడు నెలలు ఇంట్లోవాళ్ళు చూడకూడదనే చోట చేర్చకండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. సైకియాట్రిస్ట్ వారానికి ఎన్నిసార్లు వస్తారు, రాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, పడుకునే గది చూపిస్తారా అని అడగండి. సైకోసిస్ ఇంకా ఉన్న మనిషిని అసలు ఆసుపత్రికే తీసుకెళ్ళాలి, సెంటర్ తర్వాత సంగతి.

తెలియకుండా అన్నంలో కలిపితే మందు మాన్పించే పొడి ఉందట?

ఆ పొడుల్లో కొన్నిట్లో డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే మందు) ఉండే అవకాశం ఉంది. అది ఒంట్లో ఉండగా మనిషి మందు తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పైగా డైసల్ఫిరామ్ కొందరిలో తనే సైకోసిస్ తెస్తుంది. ఇప్పటికే మతి చెదిరిన మనిషికి ఎవరికీ చెప్పకుండా పెట్టడమంటే ఎంత ప్రమాదమో ఆలోచించండి. అన్నంలో ఏదో కలుపుతున్నారన్న అతని అనుమానాన్ని మీరే నిజం చేసినట్టూ అవుతుంది.

పెళ్ళి చేస్తే కుదురుకుంటాడా?

కుదురుకోడు. ఇంకో ఇంటి ఆడపిల్ల జీవితం చిక్కుల్లో పడుతుంది. ఏడాదైనా ఏ పదార్థం ముట్టకుండా, డాక్టరు సరేనన్నాక, అమ్మాయికీ ఆమె వాళ్ళకీ ఉన్నదున్నట్టు చెప్పి చెయ్యండి. దాచి చేసిన పెళ్ళిలో మాత్రలు కూడా దాచుకునే మింగాలి, అలా ఎన్నాళ్ళు మింగుతాడు?

మా అబ్బాయి అమెరికాలో ఎంఎస్ చదువుతున్నాడు. అక్కడ గంజాయి లీగల్ అట. ఫోన్‌లో వింతగా మాట్లాడుతున్నాడు.

కొన్ని రాష్ట్రాల్లో లీగలే, ఫెడరల్ చట్టం కింద కాదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి లెక్కలోకి వచ్చేది ఫెడరల్ చట్టం. అక్కడ గంజాయి గమ్మీల (నమిలే మిఠాయిల) రూపంలో దొరుకుతుంది. తిన్నాక అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియదు, "పనిచెయ్యట్లేదు" అని ఇంకోటి తింటారు, తర్వాత అన్నీ కలిసి ఎక్కుతాయి, చాలాసేపు దిగవు.

ముందు రూమ్మేట్ నంబరు సంపాదించండి. అతన్ని ఒంటరిగా వదలొద్దని చెప్పండి. అక్కడి మానసిక సంక్షోభ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ గానీ మెసేజ్ గానీ చెయ్యొచ్చు, ప్రాణాపాయం ఉంటే 911కి చేసి, ఇది మానసిక ఆరోగ్య సమస్య అని మొదటి వాక్యంలోనే చెప్పాలి. వైద్య వివరాలు గోప్యంగా ఉంచడానికి అక్కడ గట్టి చట్టం ఉంది, వీసా పోతుందని ఆసుపత్రి మానుకోవద్దు. చదువు ఆగిపోతుందన్న భయం ఉంటే, యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుతో మాట్లాడి వైద్య కారణాలతో కోర్సులు తగ్గించుకునే వీలుంది, ముందుగా అనుమతి తీసుకోవాలి. భ్రమలు తీవ్రంగా ఉండగా ఒంటరిగా విమానం ఎక్కించి రప్పించకండి. అక్కడే నాలుగు రోజులు చికిత్స జరిగాక, తోడు ఉన్నప్పుడు రానివ్వండి.

ఖర్చు ఎంతవుతుంది? ఎవరికి ఫోన్ చెయ్యాలి?

ఎర్రగడ్డలో, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో చికిత్స ఉచితం. ప్రైవేటులో చేరేముందు ఇన్సూరెన్స్ కాగితం చదవండి. మానసిక జబ్బులకు కూడా మిగతా జబ్బులతో సమానంగా కవరేజీ ఇవ్వాలని 2017 చట్టం చెప్పినా, చాలా పాలసీల్లో మద్యం, డ్రగ్స్ వాడకానికి చికిత్స మినహాయింపుల జాబితాలో ఉంటుంది. క్లెయిమ్ తిరస్కరిస్తే ఆ కారణం రాతపూర్వకంగా అడగండి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పేషెంటు మాట్లాడనంటే మీరే చెయ్యొచ్చు. మత్తు అలవాటు గురించి దగ్గర్లో ఏ సెంటరు ఉందో తెలుసుకోవడానికి 14446. ఫోన్ చేసేటప్పుడు మీరు తేదీలు వేసి రాసుకున్న కాగితం, మాత్రల స్ట్రిప్పులు పక్కన పెట్టుకోండి. మొదట అడిగేది ఎన్ని రోజుల నుంచి అని, రెండోది ఏం వాడాడు అని, మూడోది ఇప్పుడు అతని పక్కన ఎవరున్నారు అని.